కుడి మోకాలు

శామీర్‌పేటలో సైకిళ్లు బాగుచేసే చాచా, బండికన్నా ముందు తొక్కేవాళ్ల కాళ్లు చూసేవాడు.

గుట్టల్లో తిరిగే నా సైకిలుకు గొలుసును జరిపే వెనక డీరైలర్ మార్చాలనుకుని, ఫోన్‌లో రెండు రకాలు చూపించాను. ఒకటి బాగా తేలిక, కానీ బయటికి పొడుచుకొచ్చి ఉంది. రెండోది కాస్త బరువు, చక్రం వైపుకు ఒదిగి ఉంది. నా మనసంతా తేలికదాని మీదే.

ఆయన ఫోన్ పక్కనపెట్టి, నా ప్యాంటు మోకాలిదాకా జరిపి మచ్చలు చూశాడు.

“నువ్వు ఎప్పుడు పడ్డా కుడిదిక్కే పడుతవ్ బేటా. గేరు గూడ గాడనే ఉంటది. ఒదిగున్నదే తీస్కో.”

అయిష్టంగానే అదే కొన్నాను. నెల తిరక్కుండా గుట్టమీద జారిపడ్డాను. డీరైలర్‌కు గీత కూడా పడలేదు. సంబరంగా తీసుకెళ్లి చూపిస్తే, చాచా దానివంక చూడనే లేదు. వంగి, నా ప్యాంటు పైకి జరిపాడు.

“సూసినవా, మల్ల కుడిదే!”