ఎనభై కిలోల చక్రం

నిన్న ఘాజియాబాద్‌లో సైకిల్ షాపు ముందు పంక్చర్ సొల్యూషన్ వాసన తగలగానే అమ్మ గుర్తొచ్చింది. ఢిల్లీ సర్కారీ క్వార్టర్లలో పెరిగిన మనందరికీ ఆ నల్ల సైకిళ్లు గుర్తుండే ఉంటాయి. మా నాన్న సైకిల్ క్యారియర్ మీద పాత దుప్పటి మడతపెట్టి కట్టేవాడు, అమ్మకి మెత్తగా ఉంటుందని.

అమ్మ భారీ మనిషి. ఒకరోజు కూరల బజారు నుంచి వస్తుంటే వెనక చక్రం చువ్వలు టకటకా విరిగాయి. గట్టి చక్రం కట్టిద్దామని మర్నాడు నాన్న అమ్మనీ నన్నూ సైకిల్ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాడు. మేస్త్రీ అమ్మ బరువు అడిగాడు.

"అరవై ఉంటానేమో," అంది అమ్మ, నేల చూస్తూ.

కాదని నాన్నకి తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం నోరెత్తలేదు. అరవైకి తగ్గట్టు కట్టిన ఆ చక్రం నెల తిరక్కుండానే పోయింది. ఆ తర్వాత సంచులు సైకిలెక్కేవి, అమ్మ పక్కన నడిచేది.

ఈమధ్య డాక్టర్ తొక్కమన్నాడని నేనూ సైకిల్ కొన్నాను. దాని వెనక చక్రం చువ్వలు అప్పుడే విరిగితే నిన్న ఆ షాపుకి తీసుకెళ్లాను.

"దీదీ, వజన్ సహీ బతానా," అన్నాడు షాపతను. సరైన బరువు చెబితేనే దానికి తగ్గ చువ్వలు వేస్తాడట.

నా బరువు నూట నాలుగు. పక్కన ఇంకెవరో నిలబడి ఉన్నారు.

"ఎనభై," అన్నాను.

"ఠీక్ హై," అని పని మొదలుపెట్టాడు. నేను స్టూలు మీద కూర్చుని, అతను ఎనభై కిలోల మనిషి కోసం చక్రం కట్టడం చూస్తూ ఉండిపోయాను.