బుల్లెమ్మ మూలుగలో సన్నగీత

గురజాల దగ్గర మిరప పండించే వెంకట్రామయ్య భార్య బుల్లెమ్మ ఎవరి మాటా ఊరికే నమ్మే మనిషి కాదు. బస్సు మాచర్లకే పోతుందని కండక్టరు చెప్పినా, ముందుకెళ్లి డ్రైవర్నీ ఒకసారి అడిగి గానీ కూర్చునేది కాదు.

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో ఆమె కడుపులో గడ్డ లేచింది. మద్రాసులో ఆపరేషన్ చేసి తీసేశారు. లింఫోమా అనే క్యాన్సర్ అన్నారు. గడ్డ మొత్తం వచ్చేసిందని సర్జన్ చెప్పగానే వెంకట్రామయ్య ఊరికి ట్రంకాల్ చేసి, పోలేరమ్మకు మొక్కిన పొట్టేలును సిద్ధం చేయమన్నాడు.

"ముందు నా సంగతి తేలనీ. పొట్టేలు యాడికీ పోదు," అంది బుల్లెమ్మ.

అక్కడి డాక్టర్ రూతమ్మది నరసరావుపేట. జబ్బు ఇంకెక్కడన్నా పాకిందేమోనని తుంటి ఎముకలోంచి మూలుగ తీసింది.

"దొంగ కడుపులో పడితే తుంట్లో వెతుకుతావేందమ్మాయ్?" అంది బుల్లెమ్మ.

"అక్కడే దాక్కుంటాడు పిన్నీ."

మైక్రోస్కోపులో మూలుగ శుభ్రంగానే కనిపించింది. వెంకట్రామయ్య సంచి సర్దేశాడు. రూతమ్మ ఆగమంది. జబ్బు కణాలు కొద్దిగానే ఉంటే మంచివాటిలో కలిసిపోయి కంటికి దొరకవట. గడ్డలోని కణాలన్నీ ఒకే కణం సంతానం కాబట్టి వాటి జన్యువులో ఒకే గుర్తు ఉంటుందట. గడ్డ ముక్క దాచి ఉంచారు. దాని గుర్తు మూలుగలోనూ ఉందేమో చూసే పరీక్ష కొత్తగా వచ్చిందట.

ఫలితానికి వారాలు పట్టింది. సత్రం సాంబారుతో వెంకట్రామయ్య సగమయ్యాడు. చూడొచ్చిన వాళ్లు ఆయన్నే రోగి అనుకుని పళ్లు ఆయన చేతిలోనే పెట్టేవారు.

చివరకు రూతమ్మ ఒక ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించింది. గడ్డ వరసలో ఆ గుర్తు నల్లటి గీతగా పడింది. పక్కన మూలుగ వరసలో, సరిగ్గా అదే ఎత్తున, సన్నగా ఇంకో గీత. మందులు ఎక్కించాలంది రూతమ్మ.

"ఇంత సన్న గీతకి మందులెందుకమ్మా?" అన్నాడు వెంకట్రామయ్య.

"పక్కోడు మన గట్టు అంతే సన్నంగా జరిపితే ఊరుకున్నావా? కోర్టుకి పోలా?" అని ఆయన్ని కసిరి, రూతమ్మ వైపు తిరిగింది. "నువ్వు ఎక్కించమ్మాయ్ మందు."

మందులకు జుట్టంతా రాలింది. ఊళ్లో దిగితే తిరుపతి వెళ్లొచ్చిందనుకున్నారు. జబ్బు పేరెత్తి అందరి ఏడుపులూ వినడం ఇష్టంలేక ఆమె కాదనలేదు. ప్రసాదం కోసం జనం రాసాగారు. వెంకట్రామయ్య తలుపేసుకుని బూందీ దూశాడు. లడ్డూలు నాపరాళ్లలా తేలాయి.

ఎదురింటి ధనలక్ష్మి ఒకటి కొరకబోయి దవడ పట్టుకుంది. "ఏంది బావా, కొండరాయి గూడా కలిపారా?"

"దారిలో ఎండినయ్యమ్మా," అన్నాడాయన, చేతికంటిన పిండి పంచెకు తుడుచుకుంటూ.

మందులయ్యాక మళ్లీ పరీక్ష చేస్తే ఆ గీత కనిపించలేదు. "అసలు లేదని చెప్పలేను పిన్నీ. మాకు దొరకలేదు, అంతే," అంది రూతమ్మ.

ఆ మాట బుల్లెమ్మకు నచ్చింది. పరీక్షకు రమ్మన్నప్పుడల్లా మద్రాసు వెళ్లొచ్చింది. మిగతా రోజుల్లో మిరప కల్లంలో కూర్చుని రంగు వెలిసిన తాలు కాయలు ఏరుతూ, కూలీలతో వాదులాడుతూ చానా ఏళ్లు బతికింది.