అరవైకి జాజి ఒప్పుకోలేదు

ఇప్పుడు బెంగళూరులోని మా బళేపేట వీధిలో స్కూటరు నిలపడానికే చోటు దొరకదు గానీ, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను అదే వీధిలో గుర్రపు స్వారీ బూట్లు టకటకలాడించుకుంటూ నడిచేవాణ్ణి. ఇరవై నాలుగేళ్ళ వయసు, తలలో బోలెడంత గాలి. మాది మూడు తరాల గాజుల అంగడి. వారమంతా ఆడవాళ్ళ చేతులకు గాజులు తొడగడం, ఆదివారం తెల్లవారగానే ఊరి బయట జిగణి అవతల ఒక తోటకు పరుగెత్తడం. అక్కడ ఐదారు గుర్రాలుండేవి. లద్ది ఎత్తి, మాలీసు చేసి, దాని బదులు స్వారీ చేసుకుని, సాయంత్రానికి గుర్రం వాసనతో ఇల్లు చేరితే మా అమ్మ వాకిట్లోనే ఆపి నెత్తిన నీళ్ళు గుమ్మరించేది. (పండగ లేకుండా వారం వారం తలంటు పోసుకున్న మగవాణ్ణి మా వీధిలో నేనొక్కణ్ణే.) మా నాయనకు ఇదేమీ గిట్టేది కాదు. అంగడిలో గిరాకీ ఎక్కువుండేది ఆదివారమే మరి.

నేను చేసేది పందెం కాదని ఇంట్లోవాళ్ళకు ఎక్కించేసరికి నా తాతలు దిగివచ్చారు. అది దూరస్వారీ. నలభై కిలోమీటర్లంటే ఇరవై చొప్పున రెండు చుట్లు. ఒక్కో చుట్టు ముగియగానే గుర్రాల డాక్టరు గుండె కొట్టుకోవడం లెక్కపెడతాడు, కాళ్ళు తడుముతాడు, కుంటుతోందేమోనని నాలుగడుగులు పరిగెత్తించి చూస్తాడు. ముందొచ్చావా వెనకొచ్చావా అని ఎవరూ అడగరు, గుర్రం బాగుందా లేదా అన్నదే లెక్క. జాజి అనే ఎర్ర గుర్రం మీద నేను రెండు నలభైలు ముగించాను. అంతే, కళ్ళు నెత్తికెక్కాయి. ఇక అరవైకి పోవాలి! తోటలో గుర్రాలను చూసుకునే ముసలాయన్ని అందరం సాయబు తాత అనేవాళ్ళం. అరవైకి ఎప్పుడు పోవచ్చని ఆయన్నే అడిగాను. "నువ్వు అడిగినప్పుడు కాదప్పా, జాజి అడిగినప్పుడు. నలభై అయినంక కూడా ఇంకా పోదామా అన్నట్టు ఉండాల అది" అన్నాడు.

నాకింకేం కావాలి! జాజి ప్రతి చుట్టులోనూ ఆఖరి నాలుగు కిలోమీటర్లు కళ్ళెం లాక్కుని మరీ ఉరికేది, నా చేతులు బొబ్బలెక్కేవి. "చూస్తివా తాతా, ఎట్ల అడగతాండాదో!" అన్నాను. ఆయన నా ముఖం వంక ఒకసారి చూసి, బీడీ ముట్టించుకుని, "నీ ఇష్టం" అన్నాడు. (పెద్దవాళ్ళు 'నీ ఇష్టం' అంటే దానర్థం ఏమిటో తెలియడానికి నాకు పెళ్ళి కావలసి వచ్చింది.) ఇంటికొచ్చి డబ్బా కొట్టుకున్నాను. నాయన గాజుల పెట్టె మూసి, "సరే. ఈ అరవై ముగిస్తివా, ఆదివారాలు నీవి. ముగించలేదా, బూట్లు అటక మీద పెట్టి ఆదివారం కూడా అంగట్లో కూర్చోవాల. ఏమంటావు?" అన్నాడు. ఏమంటాను, రొమ్ము విరుచుకుని సరేనన్నాను.

ఆ రోజు నాయన, అమ్మ, మా మేనమామ టెంపో కట్టించుకుని, పెద్ద డబ్బా నిండా చిత్రాన్నం పెట్టుకుని దిగారు. ఎంత చెప్పినా మామ మాత్రం "మనవాడు ఎన్నో నంబరులో వస్తాడు?" అని కనబడ్డవాళ్ళందరినీ అడుగుతూనే ఉన్నాడు. రెండు చుట్లు దివ్యంగా గడిచాయి. డాక్టరు జాజిని తడిమి, "చెన్నాగిదె, హోగి" అన్నాడు, బాగుంది పొమ్మని. ఇక మూడోది మిగిలింది. విరామం అయ్యాక ఎక్కి, అమ్మకు చెయ్యి ఊపి, దారి మొదలయ్యే చోటికి వచ్చాను. జాజి నిలబడిపోయింది. మడమలతో అదిలించాను. ఊహూఁ. బతిమాలాను. ఊహూఁ. ఆఖరికి అది తానే వెనక్కి తిరిగి, తిన్నగా టెంపో దగ్గరికి పోయి, మా అమ్మ ఒళ్ళోని చిత్రాన్నం డబ్బాలో మూతి పెట్టింది! "అయ్యో, ఆకలేమోరా, కొంచెం పెట్టనా?" అంది అమ్మ. చుట్టూ జనం ఒకటే నవ్వు.

సాయబు తాత వచ్చి కళ్ళెం పట్టుకున్నాడు. "ఇది ఆఖర్న ఉరికేది ఎందుకనుకొంటివప్పా? దాణా బకెట్ ఉండేది ఈడ. ఇంటికి పోదామని అది అంటే, దూరం పోదామంటాందని నువ్వు అనుకొంటివి. దాని లెక్కలో నలభైతో పని అయిపోయె." సిగ్గుతో చచ్చిపోయాను. అంతలో ఇంకో గుర్రం తాలూకు ఒకాయన బెత్తం అందించి, "రెండు తగిలించు, అదే పోతుంది" అన్నాడు. నిజమే, పోయేది. గుండె బాగుంది, కాళ్ళు బాగున్నాయి, మనసే లేదు. నేను బెత్తం పట్టుకున్నాను.

గుర్రమంటేనే పది గజాల దూరంలో నిలబడే మా నాయన దగ్గరికొచ్చాడు. "బలవంతం చేస్తే ఏ పిల్ల చేతికైనా గాజు ఎక్కుతాది రా. ఆ పిల్ల మళ్ళీ మన అంగడి మెట్టెక్కదు" అన్నాడు. "ముగించకపోతే ఆదివారాలు పోతాయి కదా నాయనా!" అన్నాను. "ఆ మాట నీకూ నాకూ. దానికేం సంబంధం?" అన్నాడు. బెత్తం తిరిగిచ్చేసి దిగాను. అంతమంది ముందు ఏడ్చాను కూడా, దాచడమెందుకు.

మరుసటి ఆదివారం మాట ప్రకారం అంగట్లో కూర్చున్నాను. నాయన అరగంట చూసి, "బూట్లెక్కడ?" అన్నాడు. అటక మీదన్నాను. "దింపుకొని పో. ఈ మొగం చూస్తే గిరాకీ రాదు" అన్నాడు.

ఏడాది పట్టింది. నలభై ముగించి, దాణా తినిపించి, మళ్ళీ ఒక కిలోమీటరు బయటికి ఊరికే నడిపించి తీసుకొచ్చేవాణ్ణి, తర్వాత రెండు, తర్వాత ఐదు. మరుసటి ఏడాది జరిగిన అరవైలో మూడో చుట్టుకి కళ్ళెం వదులుగా వదిలేసి ఊపిరి బిగబట్టుకున్నాను. జాజి ఒకసారి బకెట్ వైపు చూసి, తానే ముందుకు నడిచింది. అందరికంటే ఆఖర్న వచ్చాం.

అంగడి వదిలి రాలేకపోయిన నాయనకు రోడ్డు పక్క ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేశాను. "ముగించినా నాయనా!" అంటే, "జాజి ఎట్ల ఉండాది?" అన్నాడు. "బాగుండాది, మేత తింటాండాది" అన్నాను. "సరే" అని పెట్టేశాడు. తొడలు ఒరుసుకుపోయి, కూర్చునే వీల్లేక కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డ నేను ఎట్లున్నానో మాత్రం అడగలేదు. ఎంత అలిగానో! వారం పాటు ముభావంగా తిరిగాను. నాయన పోయి చాలా ఏళ్ళయింది. యాభై దగ్గరపడిన నాకు ఇప్పుడు ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. మా ఇంట్లో దూరస్వారీ అంటే ఏమిటో అర్థమైన మొదటి మనిషి ఫోను అవతల ఉన్నాడని పాపం వాడికి తెలియనే లేదు.