భానుమూర్తి గారి చెవి

భానుమూర్తి గారి చెవికి నచ్చే బండిని ఇంతవరకు ఏ కంపెనీ వాళ్లూ తయారుచేయలేదు. కొత్త బండి కొన్నవాడెవడైనా హ్యాండిల్‌కు పూలదండ వేసి, స్వీట్ బాక్సు పట్టుకుని ఆయన ముందుకొచ్చాడంటే అయిపోయాడన్నమాటే. ఆయన స్వీటు నోట్లో వేసుకుంటారు. కళ్లు మూసుకుంటారు. ఇంజన్ పక్కకు చెవి వంచుతారు. బండిగలవాడు పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డట్టు నిలబడతాడు. కాసేపటికి ఆయన లేచి, ప్యాంటు దులుపుకుని ఒకటే మాట అంటారు.

"బండి బాగుందయ్యా. సౌండ్లోనే ఏదో తేడా ఉంది."

ఏం తేడా అని అడిగితే చెప్పరు. చెప్పకపోవడం కాదు, చెప్పలేరు. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కల మాస్టారు. ఇంజన్ విప్పి చూసిన పాపాన పోలేదు. అయినా ఆ మాట పడ్డాక ఎవడికీ నిద్రపట్టదు. మా దోస్తు వినయ్ తన కొత్త బండిని షోరూముకు తిప్పి తిప్పి తీసుకెళ్తే, అక్కడి మెకానిక్ చివరికి దండం పెట్టాడు. "అన్నా, ఈసారి గా సారునే తోల్కరా. బండికి కాదు, ఆయన చెవికి సర్వీసింగ్ చేస్తా."

ఎల్.బి.నగర్‌లో మాదీ ఆయనదీ ఒకే అపార్ట్‌మెంట్. తెనాలి నుంచి వచ్చి పాతికేళ్లయినా ఆయన నాలుక మీద తెనాలి పోలేదు. చౌటుప్పల్ పక్క పల్లె నుంచి వచ్చిన నా నాలుక మీద నల్లగొండ పోలేదు. మమ్మల్ని కలిపింది బండ్ల పిచ్చి. ఆదివారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరానీ హోటల్ ముందు బండ్లు వరసగా ఆపుకుని, చాయ్ మీద చాయ్ తాగుతూ, జన్మలో కొనలేని బండ్ల గురించి కూడా గొంతు చించుకునేవాళ్లం.

ఆయన బండి మాత్రం పదిహేనేళ్ల కిందటిది. కిక్కు కొట్టి కొట్టి ఆయన కుడికాలు ఎడమకాలికంటే లావైందని వేదవతి గారు, అంటే ఆయన భార్య, అంటుంటారు. స్టార్టయిందంటే సెల్లార్ మొత్తం వణుకుతుంది.

"మీ బండి సౌండు పిండి గిర్నీలెక్కుంటది సార్" అనేవాణ్ని.

"గిర్నీయే అనుకో. కానీ అది పాడుతుందయ్యా. మీ కొత్తవి గొణుగుతాయి."

రెండువేల ఇరవై మార్చిలో మా చాయ్ దగ్గర రెండే ముచ్చట్లు: కొత్త బండ్లు, కొత్త రోగం. ఏప్రిల్ నుంచి పాత రకం ఇంజన్లకు రిజిస్ట్రేషన్ ఉండదని షోరూముల వాళ్లు ఉన్న సరుకంతా తగ్గించి అమ్ముతున్నారు. వినయ్ మళ్లీ పాత రకమే కొంటానంటాడు. నేను కొత్త బి.ఎస్. సిక్స్ ఇంజనే కావాలంటాను. మధ్యలో ఎవడో దగ్గుతాడు. అందరం మాట ఆపేసి వాడి మొహం చూస్తాం. వాడు "చాయ్ పొలమారిందన్నా" అని ఒట్టేసేదాకా ఎవడూ గ్లాసు ముట్టడు.

అందరికంటే భయస్థుడు భానుమూర్తి గారే. లోకం అంతా మాస్కు గురించి ఆలోచించేలోపే ఆయన హెల్మెట్, గ్లౌజులు, రెయిన్‌కోటు వేసుకుని కొత్తిమీర కొనడానికి వెళ్లారు. ఆ కొత్తిమీరను షాంపూతో కడిగారు. ఆ ఆదివారం హెల్మెట్ తీయకుండా, అద్దం కాస్త పైకెత్తి, చాయ్‌ని స్ట్రాతో తాగారు.

"సార్, బి.ఎస్. సిక్స్ తీసుకుంటున్న. ఏమంటరు?" అని అడిగాను.

"ముందు దూరం జరుగు, తర్వాత చెబుతా."

నేను కొన్నాను. ఆయనదీ నాదీ ఒకే కంపెనీ. ఆయనది తాత, నాది మనవడు. పూజ రోజున ఆయన నా బండి పక్కకు రాలేదు. సెల్లార్ అవతల స్తంభం దగ్గర నిలబడి, హెల్మెట్ మీదనుంచే చెవి దగ్గర చెయ్యి అడ్డంపెట్టి విన్నారు.

"ఇక్కడిదాకా తెలుస్తోందయ్యా తేడా!" అని అరిచారు.

బండి మీద హయత్‌నగర్ దాకా పోయి వచ్చానో లేదో, దేశమంతా తలుపులేసుకుంది. అప్పటికే మా ఆవిడ యాదలక్ష్మి పాపను తీసుకుని తల్లిగారింటికి వెళ్లి ఉంది. బస్సులు లేవు, ఊరి పొలిమేరలో ముళ్లకంప అడ్డం. ఆమె అక్కడ, నేనిక్కడ. బండికి కవరు తొడిగి, తాడు బిగించి కట్టి పైకొచ్చాను.

మరుసటి వారం అసలు సంగతి మొదలైంది. నేను పనిచేసే బట్టల షాపులో నా పక్క కౌంటర్ అతనికి పాజిటివ్ అని తేలింది. ఆరోగ్య శాఖ వాళ్లు వచ్చి నా చేతి మీద ముద్ర గుద్ది, తలుపుకు కాగితం అంటించి, రెండు వారాలు గడప దాటొద్దని చెప్పి వెళ్లారు. ఆ సాయంత్రమే నాకు ఒళ్లు వెచ్చబడింది. పొడిదగ్గు మొదలైంది.

నిజం చెబుతున్నాను, అంత భయం నేనెప్పుడూ పడలేదు. టీవీ పెడితే అంకెలు, ఆపితే నా గుండె చప్పుడు. పీల్చిన ప్రతి ఊపిరినీ ఇది సగమే వచ్చిందా, పూర్తిగా వచ్చిందా అని కొలుచుకునేవాణ్ని. వాచ్‌మన్ పాల ప్యాకెట్ మెట్ల మీద పెట్టి పరుగెత్తేవాడు. నేను పోతే పాపకు నా మొహం కూడా చూపించరట అన్న ఆలోచన వచ్చి, వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

అప్పుడు ఫోన్ మోగింది. భానుమూర్తి గారు.

"మహేషూ, నీ బండి బ్యాటరీ సంగతేంటయ్యా?"

నాకు ఒళ్లు మండింది. "నా సంగతి అడుగుతరనుకున్న సార్."

"నువ్వు నోరున్నవాడివి, నీకేంటి. బ్యాటరీ నోరులేనిది. రోజూ స్టార్ట్ చెయ్యకపోతే చచ్చూరుకుంటుంది. తాళం కింద పడెయ్. బకెట్ పెట్టా."

బాల్కనీలోంచి చూస్తే, సెల్లార్‌లోకి దిగే ర్యాంపు దగ్గర సబ్బు నురగ పొంగుతున్న బకెట్ ఉంది. దానికి చాలా దూరంలో ఆయన, చేతిలో పరదా కర్ర. తాళం వేశాను. గురి తప్పకుండా నురగలో పడింది. ఆయన కర్ర చివర బకెట్‌ను తగిలించుకుని, అందులో పాము ఉన్నట్టు మోసుకుపోయారు.

మరునాడు పొద్దున ఏడింటికి సెల్లార్‌లో ఇంజన్ చప్పుడు. బాల్కనీలోకి ఉరికాను. ఆయన హెల్మెట్‌తో ర్యాంపు మీదికొచ్చి తలెత్తారు.

"విన్నావా? సౌండ్ ఎలా ఉంది?"

"బండి బయటికి తేండ్రి సార్, చూస్త!"

"కొత్త పెయింటయ్యా, ఎండ తగలకూడదు. బ్యాటరీ మీద బరువు పడకుండా కిక్కే కొట్టా. చూపు మానేసి విను. తేడా ఉందా లేదా?"

విన్నాను. ఆహా! నా బండి! రోగం సంగతి మరిచిపోయాను. "ఏం తేడా సార్? వెన్నలెక్క ఉన్నది. గీ స్మూత్‌నెస్ మీ పిండి గిర్నీకి ఏడికెళ్లొస్తది?"

"స్మూతా? గొణుగుడయ్యా అది! ఎందుకు స్మూతో కారణాలు చెప్పు."

నేను చెప్పాను. ఫ్యూయల్ ఇంజెక్షన్ నుంచి మొదలుపెట్టి సైలెన్సర్ దాకా, ఆపకుండా చెప్పాను. ఆయన ప్రతిదానికీ అడ్డం తగిలారు. నేను గొంతు పెంచాను. పక్క ఫ్లాట్ల వాళ్లు కిటికీలు మూసుకున్నారు. చివరికి ఆయన "రేపు మళ్లీ వింటావులే" అని ఇంజన్ ఆపి వెళ్లిపోయారు.

అలా రోజూ పొద్దున్నే ఏడింటికి గొడవ. ఒకరోజు ఈ రకం ఇంజన్ కొండ ఎక్కదంటారు. ఇంకోరోజు దీనికంటే స్కూటీ నయమంటారు. నేను తిట్టి తిట్టి లోపలికొచ్చి, ఆకలేసి నాలుగు ముద్దలు తినేవాణ్ని. వింత ఏమిటంటే, యాదలక్ష్మి ఫోన్లో "ఇయ్యాల సారును తిట్టినవంట గదా?" అని అడిగేది.

"నీకెట్ల ఎర్కయ్యింది?"

"ఎట్లనో ఎర్కయ్యింది తియ్యి. రేపు గూడ తిట్టు. జర గట్టిగ తిట్టు."

పెద్దమనిషిని తిట్టమనే భార్యను నేనప్పుడే చూశాను. దూరంలో ఉండి ఆమెకు మతి చెడిందేమోనని దిగులుపడ్డాను.

రెండో వారంలో ఒక పొద్దున నేను లేవలేకపోయాను. జ్వరం పెరిగింది. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఉంది. అది రోగమో భయమో తేల్చుకోలేను. కింద ఇంజన్ మోగుతోంది. నేను వెళ్లలేదు. హారన్ మోగింది. మళ్లీ మోగింది. ఇక ఆపకుండా మోగుతూనే ఉంది. గోడ పట్టుకుని బాల్కనీలోకి వచ్చాను.

"సార్, ఇయ్యాల నాతోని కాదు. పోండ్రి."

హారన్ ఆపి ఆయన ర్యాంపు మీదికొచ్చారు. తలెత్తి అన్నారు. "సరే అయితే. నీ బండి వినయ్‌కిచ్చేస్తున్నా. తాళం నా దగ్గరే ఉందిగా. ఆ మోటు ఎరుపు బాలేదని పసుపు రంగు వేయిస్తాడట."

నా ఒళ్లు భగ్గుమంది. "పసుపా? ఏంది సార్, మనిషి పండుకుంటే బండి ఎత్కపోతరా, గీ అపార్ట్‌మెంట్ల పదేండ్లసంది మీ పిండి గిర్నీ పొగ పీలుస్తున్నా ఒక్కనాడన్న మిమ్మల్ని ఏమన్న అన్ననా, నా బండికి పసుపు రంగు ఏసేటోడు ఎవడో రమ్మనుండ్రి సూస్త!"

చివరిదాకా ఒక్క ఊపిరిలో వచ్చింది. ఆ తర్వాతే దగ్గొచ్చింది.

ఆయన హెల్మెట్ తీశారు. ఆ నెలలో ఆయన మొహం చూడటం అదే మొదలు. "ఇంకోసారి చెప్పు" అన్నారు.

"ఏం చెప్పాలె?"

"అదే, నన్ను తిట్టింది. మొదట్నుంచీ."

మళ్లీ తిట్టాను. ఆయన ఇంజన్ ఆపి వచ్చి ర్యాంపు గోడ మీద కూలబడి, మొహాన్ని చేతుల్లో దాచుకున్నారు. మరీ ఎక్కువగా అన్నానేమోనని బాధపడ్డాను. ఆ మధ్యాహ్నమే ఎవరో ఫోన్ చేశారని ఆరోగ్య శాఖ వాళ్లు వచ్చి ముక్కులో పుల్ల పెట్టి నమూనా తీసుకెళ్లారు. ఫలితం వచ్చేదాకా నేను దేవుళ్లందరికీ మొక్కాను. నెగెటివ్ వచ్చింది. మామూలు జ్వరమట. ఫోన్ పెట్టేసి, సోఫాలో పడి చిన్నపిల్లాడిలా నవ్వాను, ఏడ్చాను, మళ్లీ నవ్వాను.

తలుపు మీది కాగితం పీకేసిన రోజు నేను మొదట పరుగెత్తింది సెల్లార్‌కే. నా బండి మీద నేను తొడిగిన కవరు అలాగే ఉంది. నేను వేసిన ముడులూ అలాగే ఉన్నాయి. పైన వేలు పెట్టి పేరు రాయగలిగినంత దుమ్ము. లోపల పూజనాటి బంతిపూల దండ ఎండి ముట్టుకుంటే రాలుతోంది. ఈ కవరు రోజూ విప్పి, రోజూ ఇలాగే కట్టారా? మాస్టారి పద్ధతి అనుకుని, నా దగ్గరున్న రెండో తాళం పెట్టి బటన్ నొక్కాను.

మెత్తగా, సన్నగా ఏదో మోగింది. నేను రెండు వారాలు విన్నది ఇది కాదు.

చప్పుడు విని భానుమూర్తి గారు, వెనకాలే వేదవతి గారు మెట్లు దిగి వచ్చారు. నేను ఏడుపు మొహంతో తిరిగాను.

"సార్! సౌండ్ల ఏదో తేడా ఉన్నది!"

భానుమూర్తి గారు పైకప్పు వైపు చూశారు. వేదవతి గారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకోలేక స్తంభానికి ఆనుకున్నారు. ఆమె చేతిలో ఒక ఆవకాయ సీసా ఉంది. అందులో సబ్బునీళ్లు, అడుగున నా తాళం, దాని మీద తుప్పు.

"ఇదిగో మహేష్, నీ తాళం. ఆయన ముట్టుకుంటేగా! రోజూ నీళ్లు మారుస్తున్నారు, ఇంకా భయం పోలేదట."

"మరి పొద్దున పొద్దున స్టార్ట్ చేసింది?"

ఆమె వేలు పెట్టి చూపించారు. మూలన, నూనె కారుతూ, తాత.

వెన్న అన్నాను. స్మూత్ అన్నాను. పిండి గిర్నీని పట్టుకుని రెండు వారాలు ఎల్.బి.నగర్‌కు వినపడేలా పొగిడాను.

"కాకినాడలో మా అన్నయ్య డాక్టరు కదా" అన్నారు వేదవతి గారు. "మనిషి గట్టిగా, ఆపకుండా మాట్లాడగలుగుతున్నాడో లేదో రోజూ చూడండి, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి అన్నాడు. ఒంట్లో ఎలా ఉందని అడిగితే నువ్వు బానే ఉందంటావు, అంతటితో అయిపోతుంది. బండి ఊసెత్తితే మాత్రం ఆపవు. అందుకని ఈయన కిందనుంచి నీ ఊపిరి వినేవారు. పైకొచ్చి మీ ఆవిడకి ఫోన్ చేసి, ఇవాళ ఏకబిగిన తిట్టాడమ్మా, భయం లేదు అని చెప్పేవారు. ఆ పసుపు రంగు రోజున మాత్రం మెట్లెక్కలేక గంటసేపు కిందే కూర్చున్నారు."

రెండు వారాలు వాగిన నోరు సరిగ్గా అప్పుడే మూగబోయింది.

భానుమూర్తి గారు కంగారుపడ్డారు. "ఏవయ్యా, మాట్లాడవేం? ఆయాసంగా ఉందా?"

"లేదు సార్" అన్నాను ఎలాగో. "నా బండి సౌండ్ ఎట్లున్నదో చెప్పుండ్రి."

ఆయన నాలుగడుగుల దూరంలోనే ఆగి, కళ్లు మూసుకుని, చెవి వంచి చాలాసేపు విన్నారు.

"బండిది తేడాగానే ఉందయ్యా" అన్నారు. "నీది బాగుంది."