మందులు అప్పజెప్పించుకునే రోజారాణి

టక్, టక్, టక్. గోలీల షీటును కత్తెర కోస్తున్న చప్పుడు ముందు వినిపించింది. కళ్లద్దాలు నెత్తిమీదికి తోసుకుంటూ ఆ వెనక వచ్చింది రోజారాణి.

సిద్దిపేటలో మా గల్లీ చివర ఆమెది చిన్న మందుల దుకాణం. నంగునూరులో కల్లు గీసే పోచయ్య కూతురు. పొద్దుటి షుగరు గోలీ రాత్రి, రాత్రిది పొద్దున మింగి వాళ్లవ్వ రెండుసార్లు దవాఖాన పాలైందట. అప్పటి నుంచి ముసలివాళ్లు ఎవరొచ్చినా రోజారాణి మందులిచ్చి ఊరుకోదు. ఏది ఎప్పుడు మింగాలో తిరిగి అప్పజెప్పించుకుంటుంది.

నాకది నామోషీ. ముప్పై ఆరేళ్లు పిల్లల చేత పద్యాలు అప్పజెప్పించుకున్నవాణ్ణి. "నాకెందుకమ్మా, చదువుకున్నోణ్ణే" అని తప్పించుకునేవాణ్ణి.

ఈ మధ్య పది రోజులపాటు మా ఇంటి గడప నీళ్లమీది ఆకులా ఊగింది. పొద్దున లేస్తే గోడలు మబ్బుల్లా కదిలేవి. జబ్బనుకోలేదు. ఈ వయసులో లోకం నామీద మనసుపడిందనుకున్నాను. నాలుగు కవితలు కూడా రాశాను.

పదో రోజు నేను దుకాణంలో కౌంటరు పట్టుకుని నిలబడటం రోజారాణి చూసింది.

"కూసోన్రి సార్. ఇంట్ల ఉన్న మందులన్ని తెప్పియ్యున్రి."

ఫోన్ చేస్తే నా భార్య స్వరాజ్యం బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్లమీద బోర్లించింది.

"గిదెక్కడిది సార్?"

"సర్కారు దవాఖానల ఇచ్చిన్రు. బీపీకి."

"మరి గిది?"

"పది రోజుల కింద ప్రైవేటు డాక్టరు రాసిండు. అది గూడ బీపీకే..."

ఆమె రెండు షీట్లూ తిప్పి చిన్న అక్షరాలు చూపించింది. కంపెనీ పేర్లు వేరు, మందు ఒక్కటే.

"ముందటి గోలీ సంగతి గా డాక్టరుకు చెప్పిన్రా?"

"ఆయన అడగలే."

"ఈయనకు అడిగితె కోపం, అడగకుంటె పొగరు. ముప్పై ఏండ్ల సంది చూస్తున్న బిడ్డా" అంది స్వరాజ్యం.

రోజారాణి బీపీ చూసింది. పై అంకె తొంభై. ఆమె ముఖంలో నవ్వు పోయింది. "ఇంక రెండు రోజులు గిట్లనే మింగితె యాడనో పడి తుంటి ఇరగ్గొట్టుకుంటుంటిరి."

అక్కణ్ణుంచే డాక్టరుకు ఫోన్ చేసింది. ఒకటి ఆపేయమనీ, రేపు పొద్దున వచ్చి చూపించుకోమనీ చెప్పాడాయన. ఆపేసినదాని మీద పెద్దగా 'వద్దు' అని రాసి, మిగతావన్నీ నాచేత అప్పజెప్పించింది. రెండుచోట్ల తడబడ్డాను. నా నాలుగు కవితలూ వట్టి ఎక్కువ మోతాదేనని తేలింది.

పరువు కూడదీసుకుని లేచి, జేబులోంచి స్కూటర్ తాళం తీశాను. రోజారాణి కౌంటరు దాటి వచ్చి అరచెయ్యి చాపింది.

"తాళం ఇటియ్యున్రి సార్. అమ్మ చెయ్యి పట్టుకొని మెల్లగ నడిచి పోన్రి. స్కూటరుకేం బీపీ లేదు, రేపటిదాంక గీడనే నిలవడ్తది."