చింతపండు కాటా మీద నా బరువు

ఈ రోజు చింతపల్లి సంతలో నా బరువు ఒక్కసారిగా ఆరు కేజీలు తగ్గింది.

సంతోషం కన్నా ముందు అనుమానం వచ్చింది. డాక్టరు మాట విని అన్నం మానేసి చోడి అంబలి, అదే రాగి జావ, తాగుతున్నా, నిన్న ఆసుపత్రి కాటా మీద ముల్లు కదల్లేదు. విసుగొచ్చి అంబలి కూడా మానేద్దామనుకున్నాను. ఇవాళ చింతపండు కొనే షావుకారు కాటా సరదాగా ఎక్కితే ఇంత తగ్గుదల! చొక్కా బొత్తాం మాత్రం పొట్ట మీద నిన్నటిలాగే బిగిసి ఉంది.

నేను దిగగానే కొండ మీంచి వచ్చిన ఒకామె తన చింతపండు బుట్టను అదే కాటా మీద పెట్టింది. షావుకారు చెప్పిన తూకం విని తెల్లబోయింది.

"మావూల్లో తూసే తెచ్చాను బాబూ, ఏటిలా తగ్గిపోనాది?"

"దారిలో ఎండిపోయుంటాది," అన్నాడు షావుకారు.

"నేను కూడా దారిలోనే ఎండిపోనానేటి షావుకారూ? పదండి, ఆసుపత్రి కాటా మీద తూద్దాం," అన్నాను.

"గట్టిగా అనకండి బాబూ," అంటూ అతను కాటా కింద చెయ్యి పెట్టి ఏదో సర్ది, మళ్లీ తూచాడు. ఆమె చింతపండు బరువు పెరిగింది. అనుమానం తీరక నేనూ మళ్లీ ఎక్కాను. పోయిన ఆరు కేజీలూ తిరిగొచ్చాయి.

ఇంటికొచ్చి బుద్ధిగా అంబలి తాగాను. సన్నబడ్డామని మురిసిపోతున్నవాళ్లారా, మీరు ఏ కాటా ఎక్కారో కాస్త చెబుతారా?