ఫ్రిజ్‌లో ఎర్రబడ్డ కమలా

బరంపురంలో లెక్కల మాస్టారుగా రిటైరైన రామం మేడ మీద కుండీలో ఒక కమలా మొక్క పెంచారు. దాని పండు లోపల రక్తంలా ఎర్రగా ఉంటుందని, తీపిలో చిరుచేదు తగులుతుందని వీధిలో అందరికీ చెప్పారు. కొన్నేళ్లకు అది కాసింది. పక్కింటి ఢిల్లీశ్వరరావును పిలిచి ఒకటి కోశారు. లోపల మామూలు కమలా రంగే ఉంది.

"ఎరుపు ఏదండి మాస్టారూ? తీపి మాత్రం బాగుంది," అన్నాడు ఢిల్లీశ్వరరావు తొనలు నములుతూ.

చలి తగిలితేనే ఆ రంగు వస్తుందని, ఈ సముద్రపు గాలిలో చలి ఎక్కడిదని రామం వివరించారు. ఆపైన మేడ ఎక్కడం మానేశారు.

మిగిలిన పండ్లు కోసి, వంటింట్లో చోటు లేక, భార్య బాలామణి ఫ్రిజ్ అడుగున పడేసింది. నెల దాటాక ఒకటి కోస్తే కత్తి ఎర్రబడింది. వేలు తెగిందేమోనని చూసుకుంది.

"ఏమండీ, మీ చలి ఫ్రిజ్‌లో ఉంది," అని పిలిచింది.

రామం తిని చూశారు. చిరుచేదు వచ్చింది, తీపి తగ్గింది. ఢిల్లీశ్వరరావు కూడా తిన్నాడు.

"తినడానికి ముందుదే బాగుందండి. సూడ్డానికైతే ఇదే."

రామం అది చాలన్నారు. ఆ వారం ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఎర్రవే కోసిపెట్టారు.